పదికి పది

ఫ్లైఓవర్ ఎక్కితే పెద్ద అంబర్‌పేట్, ఎక్కకుండా కింద ఎడమ పక్కన ఉండిపోతే ఎల్బీనగర్. అక్కడిదాకా ఇంకా ఐదు కిలోమీటర్లుంది, తీరిగ్గా ఆలోచించుకోవచ్చు అని మూసారాంబాగ్ మెట్రో కింద సిగ్నల్ దగ్గర నాకు నేనే చెప్పుకుంటున్నాను గానీ ఇది ఉత్త నాటకం. ఆలోచించడం అయిపోయి ఏడాదైంది. కారు కొన్నరోజు షోరూమ్ అమ్మాయి తాళాలు చేతికిస్తూ ఫోటో తీస్తుంటే నేను నవ్వానే, అప్పుడే అయిపోయింది. అయినా రెండు చోట్లా సర్వీస్ సెంటర్లలో టైమ్ తీసుకున్నాను, పదిన్నరకు ఎల్బీనగర్‌లో, పదకొండున్నరకు పెద్ద అంబర్‌పేట్‌లో. ఏడాది లేదా పదివేల కిలోమీటర్లు, ఏది ముందొస్తే ఆ లోపల మూడో సర్వీసు కంపెనీ వాళ్ల దగ్గరే చేయించాలి, పుస్తకంలో వాళ్ల ముద్ర పడాలి, పడకపోతే వారంటీ పోయినట్టే. ఏడాది సోమవారంతో నిండుతుంది. ఈరోజు శనివారం. పక్క సీట్లో నాన్న రెండు చేతులూ తొడల మీద బోర్లించి పెట్టుకుని కూర్చున్నాడు, సీటుకు మసి అంటుతుందని భయం. ఆ చేతులకు ఇప్పుడు మసి లేదు, పొద్దున సబ్బుతో తోమి తోమి వచ్చాడు, అయినా వేళ్ల మడతల్లో నల్లటి గీతలు అలాగే ఉన్నాయి. ముప్పై ఏళ్ల ఆయిల్ అది, ఏ సబ్బుకూ పోదు. పెద్ద అంబర్‌పేట్ పోతున్నామనే అనుకుంటున్నాడు. అమ్మకు కూడా అదే చెప్పాను.

అమ్మ నమ్మలేదు. "ఏడ చేయిస్తున్నవే సర్వీసింగు" అని గడపలో నిలబడి అడిగింది, నేను చెప్పాను, నా ముఖంలోకి ఒక నిమిషం చూసింది. "ఎల్బీనగర్ దిక్కు పోకుండ్రి. ఆ మనిషి మొకం మనకొద్దు" అంది. పన్నెండేళ్లుగా మా ఇంట్లో అతనికి పేరు లేదు, ఆ మనిషే. నాన్నయితే అదీ అనడు. నాన్నకు ఆ సంగతే లేదు, ఆ సర్వీస్ సెంటరే లేదు, ఎల్బీనగర్ మీదుగా ఆటోలో వెళ్లాల్సి వస్తే అటు కాకుండా రెండో వైపు చూస్తూ కూర్చుంటాడు. ఇప్పుడు కిటికీ అద్దం దించి చెవి బయటికి పెట్టాడు. కారెక్కితే పాటలు వద్దంటాడు, ఇంజన్ చప్పుడు వినాలి. సిగ్నల్ వదిలింది, మొదటి గేరు, రెండో గేరు. "రెండో గేరుల ఇంకొద్దిసేపు ఉండు బిడ్డా, తొందర పెట్టకు" అన్నాడు. ఏడాదిలో ఈ కారు గురించి అన్న మాటలన్నీ ఇలాంటివే. బానెట్ ఎత్తలేదు, ఒక్క నట్టు ముట్టలేదు. ఎత్తమని నేనే బతిమాలితే, "వారంటి ఉన్నంత కాలం బయటి మెకానిక్ చెయ్యి పడొద్దు, రూలున్నది" అన్నాడు. బయటి మెకానిక్. ఆ మాట ఆయన మామూలుగానే అన్నాడు, నేనే బాత్‌రూమ్‌లోకి పోయి నల్లా తిప్పి ఏడ్చాను. ఎల్బీనగర్ సర్వీస్ సెంటర్లో పద్దెనిమిదేళ్లు పనిచేసిన మనిషి, వీధి మలుపు తిరిగే కారు చప్పుడు విని దాని జబ్బేమిటో చెప్పే మనిషి, సొంత బిడ్డ కారుకు బయటివాడు.

దిల్‌సుఖ్‌నగర్. ఇక్కడ రోడ్డు నడవదు, పాకుతుంది. బస్టాండ్ నుంచి బస్సు ముక్కు బయటపెట్టి సగం రోడ్డు ఆక్రమించింది, ఆ సందులోంచి ఆటోలు, చెప్పుల బండి, ర్యాంకులొచ్చిన పిల్లల ముఖాలతో కోచింగ్ సెంటర్ల ఫ్లెక్సీలు. ఆ ఫ్లెక్సీల వెనక మూడో అంతస్తులో మా ఆఫీసు. కారు సర్వీసు చేయించుకున్న మూడోరోజు మీకొక ఫోనొస్తుందే, నమస్తే మేడమ్, మీకు అందిన సేవకు పదికి ఎన్ని మార్కులిస్తారు అని, ఆ గొంతు నాది. నాలుగేళ్లు అడిగాను, ఇప్పుడు అడిగేవాళ్ల మీద పెత్తనం చేస్తున్నాను. జనానికి తెలియనిది ఒకటుంది. పది, తొమ్మిది మాత్రమే మార్కులు. ఎనిమిదిచ్చిన మనిషి బాగా మెచ్చుకున్నాననుకుని ఫోన్ పెట్టేస్తాడు, అక్కడ సర్వీస్ అడ్వైజర్ పేరు పక్కన ఎర్ర గీత పడుతుంది. అడ్వైజర్ అంటే మన కారు దింపుకుని, ఏం చేయాలో రాసుకుని, పనయ్యాక తాళం మన చేతికిచ్చే మనిషి. అందుకే తాళమిస్తూ చేతులు జోడిస్తారు, ఫోనొస్తే పది చెప్పండి సార్ అని. నాలుగు ఎర్ర గీతలు పడితే ఆ మనిషి ఇంటికి పోతాడు. రెండేళ్ల కింద ఒక మధ్యాహ్నం, హెడ్‌ఫోన్ చెవికి పెట్టుకుని తర్వాతి కస్టమర్ వివరాలు తెరిచాను. అడ్వైజర్ పేరు గంగాధరరావు, శాఖ ఎల్బీనగర్. అన్నం తిన్న చెయ్యి ఇంకా తడిగా ఉంది, మౌస్ జారింది. ఒకప్పుడు వర్క్‌షాప్ మొత్తానికి ఇన్‌చార్జి, ఇప్పుడు అడ్వైజర్. యజమానులు మారారు, కుర్చీ దించారు. అప్పటికే ఒక ఎర్ర గీత. ఆ కస్టమర్ తొమ్మిది అన్నాడు. నా వేలు సున్నా మీద ఎంతసేపు నిలబడిందో నాకే తెలియదు. కొట్టలేదు. పెద్ద నీతి ఏమీ కాదు, కాల్ రికార్డవుతుంది. ఇంకోటి కూడా ఉంది, దొంగ సున్నా నాకొద్దు. నాకు నిజం సున్నా కావాలి, కారు నాదై ఉండాలి, గొంతు నాదై ఉండాలి, పేరేమిటి మేడమ్ అంటే సీతారాములు కూతురు స్వప్న అని చెప్పాలి. ఆ రాత్రి నుంచే కారు కోసం జీతంలోంచి పక్కన పెట్టడం మొదలుపెట్టాను. ఏ కంపెనీ కారు, ఏ రంగు అని ఆఫీసులో అమ్మాయిలు అడిగేవాళ్లు. రంగు గురించి నేనెప్పుడూ ఆలోచించలేదు.

చైతన్యపురి దాటుతున్నాం. నాన్న చొక్కా జేబులో చిన్న సీసా ఎత్తుగా కనిపిస్తోంది. ఎర్ర గోళ్లరంగు. బీడీలు, సిగరెట్లు, అగ్గిపెట్టె ఏదీ ఉండదు ఆ జేబులో, ఇదొక్కటే. నేను ఐదో తరగతిలో ఉన్నప్పుడు నా సీసాయే తీసుకుపోయాడు, అప్పటి నుంచి అయిపోయినప్పుడల్లా అదే ఎరుపు కొంటున్నాడు, కోఠిలో గాజుల షాపువాడు ఇంట్లో ఎంతమంది ఆడపిల్లలు అని అడిగాడట. కారు ఇంజన్ కింద ఆయిల్ వదిలే బోల్టు ఒకటుంటుంది, పద్నాలుగు నంబరు పానా పట్టేది. పాత ఆయిల్ తీయాలంటే దాన్ని విప్పాలి, కొత్తది పోసే ముందు మళ్లీ బిగించాలి. నాన్న బిగించాక బోల్టు మీది నుంచి ఇంజన్ మీదికి గోళ్లరంగుతో సన్నటి గీత గీసేవాడు. బోల్టు ఏ మాత్రం తిరిగినా గీత విరుగుతుంది, చూడగానే తెలుస్తుంది. గీత ఉందంటే సీతారాములు బిగించాడు, లేదంటే బిగించలేదు, వర్క్‌షాప్‌లో అందరికీ అదే లెక్క. ఒక ఆదివారం నన్ను కూడా తీసుకుపోయాడు, బిగువు సరిపోగానే టక్కుమని శబ్దం చేసే పొడుగాటి పానా ఉంటుంది, దాన్ని నా చేత తిప్పించాడు. టక్ అంది. నేను నవ్వి మళ్లీ తిప్పబోతే చెయ్యి పట్టుకున్నాడు. "ఒక్క టక్కు చాలు బిడ్డా. బోల్టు మాట ఇనాలె, అది అయిందంటే అయినట్టే" అన్నాడు. దేవుడి ముందు నిలబడ్డప్పుడు కూడా నాన్న ముఖం అంత శ్రద్ధగా ఉండదు.

ఆరోజు మే నెల, పదో తరగతి పరీక్షలైపోయి ఇంట్లో ఉన్నాను, అమ్మ డబ్బా ఇచ్చి పంపింది. దాంట్లో వంకాయ కూర. ఇప్పటికీ నేను వంకాయ తినను. ముందురోజు ఏం జరిగిందో తర్వాత తెలిసింది. ఒక పెద్దమనిషి విజయవాడలో పెళ్లికి పోవాలి, కారింకా లిఫ్టు మీదే ఉంది, నాన్న బోల్టును చేత్తో తిప్పి వదిలాడు, పానా అందుకోబోతున్నాడు, గంగాధరరావు వచ్చి దింపెయ్ అన్నాడు. "సార్, చేత్తోని తిప్పిన అంతే, పానా పెట్టలే" అని నాన్న చెప్పాడు. "నేను చూసుకుంటాలే సీతారాములూ, నువ్వు ఆ పక్క బండి చూడు" అన్నాడు. చూసుకోలేదు. మరిచిపోయాడు. ఆఖరి తనిఖీ అయిందని సంతకం మాత్రం పెట్టాడు. చౌటుప్పల్ దాటాక బోల్టు ఎక్కడో ఊడిపోయింది, ఆయిలంతా రోడ్డు పాలు, ఇంజన్ పట్టేసింది, పెళ్లి బట్టల్లో ఇంటిల్లిపాదీ రోడ్డు మీద నిలబడ్డారు. మర్నాడు ఆ పెద్దమనిషి వచ్చాడు, డబ్బా పట్టుకుని నేనూ అప్పుడే వచ్చాను. కస్టమర్లు కూర్చునే ఏసీ గదికి, వర్క్‌షాప్‌కు మధ్య నిలువెత్తు అద్దం. మెకానిక్‌లు ఆ గదిలోకి రాకూడదు, సోఫాలు మాసిపోతాయి. పద్దెనిమిదేళ్లలో నాన్న మొదటిసారి ఆ గదిలో అడుగుపెట్టింది ఆరోజే.

అద్దం ఇవతల నేను, అవతల నాన్న. తలుపు సగం తెరిచే ఉంది కాబట్టి మాటలన్నీ వినిపించాయి. గంగాధరరావు తెల్లచొక్కా, టై, ఎంత నెమ్మదైన గొంతో. "ఏం చెప్పమంటారండీ, పొద్దున్నే కల్లు పడితేగానీ చెయ్యాడదు వీళ్లకి. నల్గొండ నుంచి వచ్చినవాళ్లు చాలామంది ఇంతేనండీ, మేమే సర్దుకుపోతున్నాం." నాన్న ఏదో అనబోయాడు. గంగాధరరావు నాన్న మెడమీద చెయ్యి వేశాడు. వేసి, వంచాడు. కొట్టలేదు, నెట్టలేదు, దూడను నీళ్ల తొట్టి వైపు వంచినట్టు నెమ్మదిగా ఆ పెద్దమనిషి కాళ్ల వైపు వంచాడు, "అయ్యగారి కాళ్లు పట్టుకోరా" అన్నాడు. నాన్న పండుగకు కల్లు తాగుతాడు, నేను అబద్ధం చెప్పను. డ్యూటీ రోజున దాని వాసన కూడా చూసి ఎరుగడు. వంగిన నాన్న తల పక్కకు తిరిగింది, అద్దంలోంచి నేను కనపడ్డాను. డబ్బా నా చేతిలో ఉంది. నాన్న కళ్లు మూసుకున్నాడు. అంతే, అదే నేను పన్నెండేళ్లుగా చూస్తున్నది, ఆ మెడమీది చెయ్యి, దానికున్న పచ్చరాయి ఉంగరం, నాన్న మూసుకున్న కళ్లు.

ఉద్యోగం పోవడానికి అది కూడా కారణం కాదు. ఆ సాయంత్రం గంగాధరరావు కాగితం ముందుపెట్టి, బిగించడం మరిచిపోయానని రాసివ్వు, వారం రోజులు ఇంట్లో కూర్చుని రా, అంతా సర్దేస్తాను అన్నాడట. నాన్న రాయనన్నాడు. "బిగించలేదని రాసిస్త. మర్సిపోయిన అని రాయ. నేను మర్సిపోలే సార్, నీకు చెప్పిన" అన్నాడు. రెండు మాటలకు తేడా ఏమిటని అమ్మ రాత్రంతా అడిగింది, పిల్ల చదువు ఆగిపోతుంది, ఒక్క మాట రాసిస్తే నీ సొమ్మేం పోయిందని ఏడ్చింది. "బోల్టు సంగతిల అబద్ధం చెప్పలేను ముత్తమ్మా" అన్నాడు. అంతకంటే చెప్పుకోవడానికి ఆయన దగ్గర ఏమీ లేదు. తాగి పనిచేస్తాడన్న మాట మాత్రం నాన్నకంటే ముందే అన్ని సర్వీస్ సెంటర్లకూ వెళ్లింది, ఎక్కడికి పోయినా వద్దన్నారు. బాలాపూర్ రోడ్డులో రేకుల షెడ్డు కిరాయికి తీసుకున్నాడు, ఆటోలు, పాత స్కూటర్లు. నా డిగ్రీ ఆ ఆటోల మీద నడిచింది. కార్లొచ్చేవి కావు, కార్లన్నీ వారంటీలోనో, పెద్ద దుకాణాల్లోనో ఉండేవి. ఆటోలకు కూడా గోళ్లరంగు గీతలు గీసేవాడు. ఆటోవాళ్లు నవ్వేవాళ్లు, సీతారాములన్న మా బండ్లకు బొట్టు పెడుతున్నాడని.

కొత్తపేట, విక్టోరియా మెమోరియల్. పక్క కారువాడు హారన్ మీద నుంచి చెయ్యి తీయడం లేదు, వాడి ఇంజన్ కూడా ఎక్కడైనా పట్టేస్తే బాగుండు. నాకు మంచి ఆలోచనలు రావడం మానేసి చాలాకాలమైంది. గంగాధరరావు ఏడవాలి నాకు. అనారోగ్యమో, యాక్సిడెంటో కాదు, అవి ఎవరికైనా వస్తాయి. నా చేతుల మీదుగా, నా పేరుతో రావాలి. ఇప్పటికి మూడు ఎర్ర గీతలున్నాయి అతనికి, నేను చూస్తూనే ఉన్నాను, వాటిలో నా చెయ్యేమీ లేదు. నాలుగోది నాది, టైమ్ తీసుకునేటప్పుడే అడ్వైజర్‌గా అతని పేరు అడిగి మరీ పెట్టించుకున్నాను. రిటైర్మెంటుకు ఇంకా ఎనిమిది నెలలుంది. నాన్నను ఆ ఏసీ గదిలో సోఫా మీద కూర్చోబెడతాను, కాఫీ తెప్పిస్తాను, అతను వచ్చి చేతులు జోడిస్తాడు, నాన్నను చూసి ముఖం పాలిపోతుంది. తాళం తీసుకుని, నాయినా పద అంటాను. మూడోరోజు మా ఆఫీసు నుంచి మా పిల్లే ఎవరో నాకు ఫోన్ చేస్తుంది, సున్నా అంటాను, కారణం అడుగుతుంది, వంకాయ కూర అంటాను. ఈ మాటలు ఎన్నిసార్లు అనుకున్నానో. మొదటి రెండు సర్వీసులూ కావాలనే పెద్ద అంబర్‌పేట్‌లో చేయించాను. అవి ఊరికే చూసి పంపే సర్వీసులు, ఆయిల్ మార్చరు. మూడోదానికి మారుస్తారు. ఆ బోల్టు విప్పేది ఈసారే. అది ఆ కప్పు కింద, ఆ మనిషి ఎదురుగానే విప్పాలి.

ఫ్లైఓవర్ కనపడింది. ఇటు ఎక్కితే అటు వనస్థలిపురం వైపు దిగుతాం, అక్కడి నుంచి హయత్‌నగర్, పెద్ద అంబర్‌పేట్, తెలియని మనుషులు, మంచి కాఫీ. నాన్న చేతులు తొడల మీద అలాగే ఉన్నాయి. ఈయనను మళ్లీ ఆ అద్దం ముందుకు తీసుకుపోతున్నానా. నా పగ కోసం. అతను మళ్లీ ఏదైనా అంటే, ఆ నెమ్మది గొంతుతో నలుగురి ముందు మళ్లీ ఏదైనా అంటే, పన్నెండేళ్ల కింద పోయిన పరువు రెండోసారి నా కారులోనే ఎక్కించుకుపోయి పారేసినట్టవుతుంది. చెయ్యి దానంతట అదే ఇండికేటర్ కుడికి వేసింది. ఫ్లైఓవర్ ఎక్కేస్తాను. పోనీ. పాడైపోనీ.

"పైకెక్కకు" అన్నాడు నాన్న.

నేను అటు తిరిగాను. నాన్న రోడ్డునే చూస్తున్నాడు. "కిందికెల్లి పో. ఎడమకు ఉంచు."

"నీకెట్ల ఎరుక నాయినా?"

"రెండు సార్లు గంత దూరం పోయి చేయించినవు. అప్పుడు బోల్టు ఇప్పరు" అన్నాడు. "ఈసారి ఇప్పుతరు గద."

వెనక హారన్లు మొదలయ్యాయి. ఇండికేటర్ ఆపి ఎడమకు తిప్పాను. జేబులో సీసా ఉందా లేదా అని నాన్న ఒకసారి పైనుంచి తడిమి చూసుకున్నాడు.

గేటు అదే, రంగు మారింది. వాచ్‌మన్ కిలోమీటర్లు రాసుకున్నాడు. తొమ్మిది వేల నాలుగు వందలు. నీలం చొక్కా మెకానిక్ ఒకడు దారి చూపించాడు, నేను ఆపాను, నా కిటికీ దగ్గరికి ట్యాబ్ పట్టుకుని ఒక మనిషి వంగాడు. జుట్టుకు రంగు, మెడ దగ్గర వదులైన టై, అదే తెల్లచొక్కా. ఉంగరం అదే. నేను సీటు బెల్టు తీశాను. "గుడ్ మార్నింగమ్మా, నా పేరు గంగాధరరావు. ఈ సర్వీసు అయ్యేదాకా మీకేం కావాలన్నా నన్నడగండి" అన్నాడు. నాన్న వైపు చూశాడు. "పెద్దాయనా, మీరు లోపల ఏసీలో కూర్చోండి, కాఫీ పంపిస్తాను" అన్నాడు, ఎవరితోనైనా అన్నట్టు. గుర్తుపట్టలేదు. ముఖం పాలిపోలేదు, కనురెప్ప కూడా కదల్లేదు. నేను పన్నెండేళ్లు నమిలిన మనిషి మమ్మల్ని ఎప్పుడో మింగి మరిచిపోయాడు. ఆ మెడ గుర్తులేదు అతనికి, ఆ తర్వాత ఎన్ని మెడలు వంచాడో. సున్నా చాలదనిపించింది. దానికంటే తక్కువ మార్కు మా కంప్యూటర్లో లేదు. అతను ఇంకా మాట్లాడుతున్నాడు, చేతులు జోడించాడు, వేళ్ల మధ్య ట్యాబ్ జారిపోతోంది. "మూడోరోజు ఫోనొస్తుందమ్మా. పదికి పది చెప్పండి. నా పరిస్థితి కొంచెం... మీ నాన్నగారి వయసువాణ్ని అనుకోండి. కారు గురించి మీకేం బెంగ వద్దు, అంతా నేను చూసుకుంటాను."

నేను చూసుకుంటాను. నాన్న తలుపు తెరుచుకుని దిగాడు.

"ఏసీల కూసోను సార్. నా బండి ఏడుంటే నేను ఆడనే ఉంట" అన్నాడు. కస్టమర్లను వర్క్‌షాప్‌లోకి రానివ్వరని గంగాధరరావు మొదలుపెట్టాడు, నా వైపు చూశాడు, నేను ఫోన్ చేతిలోకి తీసుకుని స్క్రీన్ మీద వేలు ఆడిస్తూ నిలబడ్డాను, అతనికి నేనెవరో తెలియదు గానీ కస్టమర్ చేతిలో ఫోనంటే ఏమిటో తెలుసు. రండి, రండి అన్నాడు. లిఫ్టు మీదికి కారెక్కింది, పైకి లేస్తోంది. నడుమెత్తు దాటి ఛాతీ దాకా రాగానే నాన్న అరచెయ్యి ఎత్తి, "గింత చాలు, ఇంక లేపకు" అన్నాడు. లిఫ్టు దగ్గరున్నది నలభై ఏళ్లు దాటిన మెకానిక్, ఇంకొద్దిగా లేపితే నిలబడి పనిచేయొచ్చు కదా పెద్దయ్యా అన్నట్టు చూశాడు. నాన్న తల అడ్డంగా ఊపాడు. ఆయన ఏం చేయబోతున్నాడో నాకూ అర్థం కాలేదు. మెకానిక్ మోకాళ్ల మీద కూర్చుని బోల్టు విప్పాడు, పాత ఆయిల్ నల్లగా దిగింది, చివరి బొట్టుదాకా మేమంతా దాన్నే చూశాం. మళ్లీ చేత్తో తిప్పి బోల్టు పెట్టాడు, టక్కుమనే పానా అందుకోబోయాడు.

"ఆగు తమ్మీ" అన్నాడు నాన్న. ఆ పానా తనే తీసుకుని, గంగాధరరావు ముందుకు చాపాడు. "నువ్వు బిగించు సార్."

"నేనా?" నవ్వాడు అతను. "అది మా టెక్నీషియన్ పనండీ."

"నువ్వే చూసుకుంటనన్నవు గద. చేత్తోని తిప్పిండంతే, పానా పెట్టలే."

ఇంకో చేత్తో జేబులోంచి గోళ్లరంగు సీసా తీసి, మూత తిప్పి పట్టుకున్నాడు. వాసన ఆయిల్ వాసనలో కలిసింది. గంగాధరరావు సీసాను చూశాడు, నాన్న వేళ్లను చూశాడు, ఆ తర్వాతే ముఖం చూశాడు. ఇన్నాళ్లూ నేను కలగన్న పాలిపోవడం అప్పుడొచ్చింది, మెడ నుంచి మొదలై చెవులదాకా ఎక్కింది. "సీతారాములూ" అన్నాడు. నాన్న పానా అలాగే చాపి ఉంచాడు. చుట్టూ నలుగురైదుగురు నీలం చొక్కాలు పనులాపి చూస్తున్నారు. అద్దం అవతల సోఫాల్లో కూర్చున్నవాళ్లు కూడా కాఫీ కప్పులతో ఇటు తిరిగారు. నా ఫోన్ నా చేతిలో ఉంది. అతను పానా అందుకున్నాడు. ఛాతీ ఎత్తున ఉన్న కారు కిందికి పోవాలంటే తెల్లచొక్కా మనిషైనా వంగాల్సిందే. వంగాడు. మెడమీద ఎవరి చెయ్యీ లేదు, తనంతట తనే వంగాడు, ఇంకాస్త వంగితేగానీ బోల్టు అందలేదు, టై ఆయిల్ పళ్లెంలో పడింది. ఉంగరం చేత్తో పానా తిప్పాడు.

టక్ అంది. నేను విన్నాను. మెకానిక్ విన్నాడు. అటు చివర లిఫ్టు దగ్గర నిలబడ్డవాడు కూడా వినే ఉంటాడు, అంత స్పష్టంగా అంది. అక్కడున్న చెవుల్లోకెల్లా మంచి చెవి నాన్నది. ఆయన కుంచె మీది రంగు చుక్కను సీసా అంచుకు నెమ్మదిగా రాసి, మోకాలు మీద చెయ్యి పెట్టి వంగి, బోల్టు వైపు చాలాసేపు చూశాడు. గీత గీయలేదు. కుంచెను మళ్లీ సీసాలో పెట్టాడు.

"బిగవలే సార్" అన్నాడు. "ఇంకోపారి తిప్పు."

నేను నాన్న ముఖం వైపు చూశాను. బోల్టు సంగతిలో అబద్ధం చెప్పలేక ఇల్లు ముంచుకున్న మనిషి, కళ్లు తెరుచుకుని, రెప్ప వేయకుండా చెప్పాడు. గంగాధరరావు కారు కింది నుంచి తల తిప్పి చూశాడు. అతనికీ వినిపించింది, అది అబద్ధమని తెలుసు, నా చేతిలో ఫోన్ వైపొకసారి చూశాడు. మళ్లీ వంగాడు. టక్.

రెండు, అనుకున్నాను. పదికి పది కావాలన్నాడు కదా, ఇంకా ఎనిమిదున్నాయి. బోల్టు పాడైతే పాడవనీ, వారంటీ ఉంది. ఎవరో కుర్చీ తెచ్చి వేశారు, నాన్న కూర్చోలేదు, నేను కూర్చున్నాను. ఈరోజు మాకు ఎక్కడికీ తొందర లేదు.